తమ్ముడి పిల్లల కోసం దాస్తాను సరే, ఎవరి పేరున దాచాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు. కరీంనగర్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నాన్న లేరు, అమ్మ నా దగ్గరే ఉంటుంది. తమ్ముడు జగిత్యాలలో ట్రాలీ ఆటో నడుపుతాడు. వాడికి ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఇద్దరంటే నాకు ప్రాణం. నెలకు ఐదు వేలు వాళ్ల చదువు కోసం పక్కన పెట్టగలను. ఇబ్బంది ఏమిటంటే, పాపకు చెవులు కుట్టించినప్పుడు నేను చేయించిన తులం గొలుసు ఆటో ఇంజన్ పని వచ్చినప్పుడు తాకట్టుకు వెళ్లింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు వాడు "అక్కా, నెలనెలా నా ఖాతాలో వెయ్యి, నేను చూసుకుంటా" అంటున్నాడు. లేదంటే ఊరి దగ్గర చిన్న ప్లాటు బాబు పేరున కొందామంటున్నాడు. అమ్మ దగ్గర రెండు లక్షలు ఉన్నాయి, అవి మనవడికే ఇస్తానంటుంది, మనవరాలి మాట ఎత్తదు. మా ఆసుపత్రిలో తోటి ఉద్యోగి ఒకావిడ పిల్లల పాలసీ తీసుకోమని వెంటపడుతోంది. తమ్ముడిని బాధపెట్టకుండా, డబ్బు పిల్లలకే చేరేలా ఏం చేయాలి? వాడు మళ్లీ డబ్బు అడిగితే ఏం చెప్పాలి?

సమాధానం: ముందు ఆ గొలుసు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తం దాని చుట్టూనే తిరుగుతోంది. ఆటో ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. అలాంటి ఇంట్లో తులం బంగారం ఉంటే, ఇంజన్ పని పడిన రోజున అది తాకట్టుకు వెళ్లకుండా ఉండాలంటే మీ తమ్ముడు మహా మొండివాడై ఉండాలి. మన ఇళ్లలో బంగారం కొనేదే అవసరానికి కుదువ పెట్టుకోవచ్చని కదా. కాబట్టి వాడిని దొంగగా చూడకండి, చూడట్లేదనే అనుకుంటున్నాను. అయితే ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. వాడి చేతికి అందే చోట పెట్టిన డబ్బు చదువు దాకా మిగలదు. "నా ఖాతాలో వెయ్యి" అన్న మాటకు మీ జవాబు వద్దు అనే, అందులో ఇంకో ఆలోచన లేదు. వాడి ఖాతాలో వేసిన ఐదు వేలు నెల తిరిగేసరికి డీజిల్లోనో కిస్తీలోనో కలిసిపోతుంది, ఏ రూపాయి పిల్లలది, ఏ రూపాయి ఇంటిది అని వాడు కూడా చెప్పలేడు.

ఇక చట్టం వైపు నుంచి ఒక ముఖ్యమైన సంగతి, చాలామంది మేనమామలకూ మేనత్తలకూ ఇది తెలియక చివర్లో బాధపడతారు. పిల్లల పేరున పెట్టిన డబ్బు పిల్లలదే, మీరిచ్చారు కాబట్టి దాని మీద మీకు హక్కు ఉండదు. వాళ్లకు 18 నిండేదాకా దాన్ని చూసుకునేది సంరక్షకులు, అంటే తండ్రి, తర్వాత తల్లి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని ఆ వరుసలో మేనత్త లేదు, మీరు ఎంత పెంచినా, ఎంత పెట్టినా. కాబట్టి పిల్లల పేరున దేన్ని పెట్టాలి, మీ పేరున దేన్ని ఉంచాలి అన్నది ప్రేమ చూసి తీసుకునే నిర్ణయం కాదు. సంరక్షకుడు మధ్యలో తీయలేని డబ్బయితే పిల్లల పేరున పెట్టండి, తీయగలిగేదయితే మీ పేరునే ఉంచుకోండి. నేను కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే ఉంటుంది.

పాప విషయంలో మీకు అదృష్టం ఉంది. సుకన్య సమృద్ధి ఖాతా 2015 జనవరిలో మొదలైంది, పదేళ్లలోపు ఆడపిల్లకు తెరవాలి, మీ పాపకు ఏడేళ్లు కాబట్టి ఇంకా టైముంది, కానీ "వచ్చే సంవత్సరం చూద్దాం" అనకండి. దీన్ని మీరు తెరవలేరు, తల్లో తండ్రో చట్టబద్ధ సంరక్షకులో తెరవాలి. తాతలు, అమ్మమ్మలు ముచ్చటపడి తెరిచిన ఖాతాలను కూడా తల్లిదండ్రుల పేరుకు మార్చుకోమని 2024లో ప్రభుత్వం చెప్పింది. అందుకే మీ మరదలిని సంరక్షకురాలిగా పెట్టి తెరిపించండి. తమ్ముడిని కాదని మరదలిని పెట్టడం ఎందుకో వాళ్లిద్దరికీ వివరించాల్సిన పని లేదు, "నువ్వు బండి మీద తిరుగుతుంటావు, బ్యాంకుకు తనైతే వెళ్లగలదు" అంటే చాలు, అది నిజం కూడా. పాపకు ఒక్క ఖాతానే ఉండాలి కాబట్టి ఇంతకుముందు ఎవరైనా తెరిచి మరిచిపోయారేమో ముందు అడగండి.

ఈ ఖాతాలో నాకు నచ్చేది వడ్డీ ఒక్కటే కాదు, అది ఎంత మొండిదో అదీ. దీని మీద అప్పు ఇవ్వరు, తాకట్టు పెట్టలేరు. ఇంజన్ చెడిపోయిందని చెబితే ఎవరూ డబ్బు ఇవ్వరు. పాపకు 18 నిండాకగానీ పది పాసయ్యాకగానీ, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకు చదువు కోసం తీయొచ్చు, అదీ అడ్మిషన్ కాగితమో ఫీజు రసీదో చూపించి. 18 దాటాక ఖాతా పాప చేతికే వస్తుంది. ప్రాణాంతక జబ్బు, సంరక్షకుడి మరణం లాంటివి తప్ప మధ్యలో మూయడం కుదరదు, అదీ అయిదేళ్లు నిండాకే. ఇక చాలామంది పొరపాటు పడేది గడువు దగ్గర. 21 ఏళ్లంటే పాపకు 21 వచ్చినప్పుడని అనుకుంటారు, కాదు, ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. మీ పాపకు అప్పటికి 28 వస్తాయి. డబ్బు కట్టేది 15 ఏళ్లే, తర్వాత వడ్డీ మాత్రం చేరుతుంటుంది. 18 దాటాక పెళ్లి కుదిరితే ముందే మూసుకోవచ్చు, కానీ నన్నడిగితే మిగతా సగం 28 దాకా అలాగే ఉండనివ్వండి, ఆ వయసులో ఆడపిల్లకు సొంత డబ్బు ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్క కూడా చెబుతాను. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2024 జనవరిలో దాన్ని 8.2 శాతం చేసింది. అదే రేటు నిలిస్తే నెలకు 2,500 చొప్పున పాపకు 18 వచ్చేసరికి మీరు కట్టింది 3 లక్షల 30 వేలు, ఖాతాలో ఉండేది 5 లక్షల పైన. అందులో సగం ఇంటర్ తర్వాతి చదువుకు అందుతుంది. వడ్డీ మీద పన్ను లేదు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర కట్టొచ్చు. నెల 5వ తేదీలోపు జమ అయితేనే ఆ నెల వడ్డీ వస్తుంది, మీకు జీతం ఒకటో తేదీన పడితే రెండో తేదీకి పంపేలా పెట్టుకోండి. ఖాతా బ్యాంకులో తెరిపిస్తే మరదలి పొదుపు ఖాతా నుంచి నెలనెలా దానంతట అదే వెళ్లిపోయే ఏర్పాటు ఉంటుంది. మీరు ఆమె ఖాతాకు పంపుతారు, మర్నాడు అది సుకన్యలోకి పోతుంది, మధ్యలో ఎవరికీ గుర్తుపెట్టుకునే బాధ లేదు. ఆదాయపు పన్ను మినహాయింపు మీకు రాదు, సొంత కూతురికో, మీరు చట్టబద్ధ సంరక్షకురాలైన పిల్లకో కడితేనే వస్తుంది. అది పోతే పోనివ్వండి.

ఒక చిన్న చిరాకు మాత్రం తప్పదు, కాగితాలు. మన పిల్లల జనన ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరు విప్పి ఇంకో పేరు, బడిలో మూడో పేరు ఉంటాయి. ఖాతా తెరిచేటప్పుడు గొడవ లేకపోయినా 11 ఏళ్ల తర్వాత డబ్బు తీసేటప్పుడు మొదలవుతుంది. ఇప్పుడే మూడూ ఒకేలా చేయించండి. పాపకు ఐదేళ్లు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో కూడా చూడండి, మళ్లీ 15 ఏళ్లకు చేయించాలి.

బాబు దగ్గరికి వస్తే కథ మారుతుంది. మగపిల్లలకు సుకన్య లేదు. అందరూ చెప్పేది పీపీఎఫ్, అంటే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో తెరిచే 15 ఏళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా. దాన్ని కూడా తల్లో తండ్రో తెరవాలి, పైగా కొన్నేళ్ల తర్వాత అప్పు, ఆ తర్వాత కొంత విత్‌డ్రా ఉంటాయి, పిల్లవాడి అవసరం కోసమని రాసిస్తే సరిపోతుంది. ఇంజన్ కథ మళ్లీ వచ్చే దారి అదే. పిల్లల పేరున మ్యూచువల్ ఫండ్ తీసుకున్నా అంతే, డబ్బు పిల్లవాడి ఖాతా నుంచో తల్లిదండ్రుల ఖాతా నుంచో రావాలి, అమ్మితే పిల్లవాడి బ్యాంకు ఖాతాలోకే వెళ్తుంది, ఆ ఖాతా చెక్కుబుక్కు ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి బాబు 2,500 మీ పేరునే ఉంచండి.

14 ఏళ్ల సమయం ఉంది కనుక అందులో 1,500 ఒక మామూలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా కొంత చొప్పున, మిగతా వెయ్యి రికరింగ్ డిపాజిట్‌లో పెట్టమంటాను. మొత్తం ఫండ్‌లోనే పెట్టమని కొందరు వాదిస్తారు, లెక్క ప్రకారం వాళ్లది తప్పు కాకపోవచ్చు, కానీ 2020లో జనవరి చివరి నుంచి మార్చి చివరి లోపు నిఫ్టీ మూడో వంతుకు పైగా పడింది. అలాంటి నెలలో మీరు భయపడి అమ్మేస్తే ఆ వాదనలన్నీ దండగ. తగ్గినప్పుడు చూడకుండా ఉండగలనన్న నమ్మకం మీకుంటే ఫండ్ వాటా పెంచుకోండి. బాబు పదో తరగతి దాటాక ఫండ్‌లో ఉన్నదాన్ని కొద్దికొద్దిగా ఎఫ్‌డీలోకి మార్చేయాలి, ఫీజు కట్టాల్సిన ఏడాదే మార్కెట్ పడితే వాడి కాలేజీ మన కోసం ఆగదు. పాపకు సొంత పేరున ఖాతా, బాబుకు లేదు అన్న బెంగ వద్దు, వాడి పేరున పెట్టగలిగినవి వాడి దాకా నిలుస్తాయన్న నమ్మకం లేదు, అంతే.

మీ పేరున ఉంచుకోవడంలో ఒక పెద్ద చిక్కుంది, మీ ఉత్తరం చదువుతుంటే నాకు నిజంగా టెన్షన్ అనిపించింది ఇక్కడే. రేపు మీకేదైనా జరిగితే? మీరు పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు, నాన్నగారు లేరు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆస్తికి మొదటి వారసురాలు అమ్మే. మనవడికే ఇస్తాననే అమ్మ! బాబు కోసం దాచినదే కాదు, మీ ఎఫ్‌డీ, మీ ఇల్లు, అన్నీ ఆమెకే వెళ్తాయి, అక్కడి నుంచి ఎటు వెళ్తాయో మీరే రాశారు. నామినీగా పిల్లల పేరు రాశాను చాలదా అంటారేమో, చాలదు, నామినీ అంటే డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే, సొంతదారు కాదు. కంపెనీ షేర్ల విషయంలో కూడా ఇదే మాట అని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి నామినేషన్ రాయండి, దానితోపాటు వీలునామా కూడా రాయండి. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తర్వాత ఎవరూ అనుమానించరు. మీ సంతకం, మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, సాక్షులు ఆ డబ్బుతో సంబంధం లేనివాళ్లయితే మంచిది. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్లకు 18 వచ్చేదాకా డబ్బు చూసే ఎగ్జిక్యూటర్‌గా మీరు నమ్మే ఒకరి పేరు రాయండి. అమ్మకు కూడా అందులో కొంత రాయండి, మీరు లేకపోతే ఆమెను చూసేదెవరు మరి.

అమ్మ రెండు లక్షల గురించి. ఆ డబ్బు మనవడికీ వద్దు, మనవరాలికీ వద్దు, ఇప్పుడే ఎవరికీ వద్దు. చేతిలో ఉన్నదంతా ఇచ్చేసిన పెద్దవాళ్ల పరిస్థితి ఏమవుతుందో ఆసుపత్రి వార్డులో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. అమ్మకు 60 దాటి ఉంటే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఆమె పేరునే పెట్టించండి. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీని కూడా 8.2 శాతం చేశారు, ఆ రేటుకు రెండు లక్షల మీద మూడు నెలలకోసారి 4,100 వస్తుంది. ఆ వడ్డీలోంచి పండగకు ఇద్దరు పిల్లలకూ సమానంగా ఏదైనా ఇమ్మనండి. వంశం, ఇంటిపేరు అని ఆమెతో వాదించి గెలవలేరు, ఆ వయసులో మనసు మార్చడం మన పని కాదు. కానీ ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది, ఆ మాట మాత్రం అమ్మతో ఒక్కసారి మెల్లగా అనండి.

ప్లాటు సంగతి వదిలేయండి. మైనరు పేరున ఉన్న స్థలాన్ని అమ్మాలంటే తండ్రి అయినా ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి, లేకుండా అమ్మితే ఆ పిల్లవాడు పెద్దయ్యాక కేసు వేసి రద్దు చేయించొచ్చు, అందుకే తెలిసినవాళ్లెవరూ అలాంటి స్థలం కొనరు. చదువుకు డబ్బు కావాల్సిన రోజున మీ దగ్గర హద్దురాళ్లు మాత్రం ఉంటాయి.

ఆ పాలసీ కూడా వద్దు. ఇన్సూరెన్స్ అనేది సంపాదించే మనిషి మీద ఉండాలి, నాలుగేళ్ల బాబు సంపాదన మీద ఎవరూ బతకట్లేదు. మొదటి కొన్నేళ్లలో ఆపేస్తే కట్టినదాంట్లో కొంత పోతుంది. తోటి ఉద్యోగితో మొహమాటం అనుకుంటే "తల్లిదండ్రులు తీసుకోవాలి కదా, నేను మేనత్తను" అని చెప్పండి.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి, మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి. ఆ పిల్లల చదువుకు అతి పెద్ద ప్రమాదం తమ్ముడి ఖర్చులు కాదు, తమ్ముడు రోజంతా రోడ్డు మీద ఉండటం. వాడి బ్యాంకు ఖాతాకు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, సురక్షా బీమా ఉన్నాయా? మొదటిది ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా కుటుంబానికి రెండు లక్షలు. 50 ఏళ్లలోపు చేరాలి. రెండోది ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే, పూర్తిగా వికలాంగుడైతే రెండు లక్షలు. ఈ రెండూ కలిపి 456, మే నెలాఖరుకు ఖాతాలో ఆ మొత్తం ఉండేలా మీరే వేయండి, లేకపోతే ఆగిపోతాయి. ఆ పైన వాడి మీద ఒక మామూలు టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) తీసుకోగలిగితే, దాని ప్రీమియం మీ ఐదు వేలలోంచి కట్టినా తప్పు లేదు, నేనైతే బాబు రికరింగ్ డిపాజిట్ తగ్గించైనా అదే ముందు చేస్తాను.

ఇంకా ముందు చూడాల్సింది మిమ్మల్ని. మీ వయసు చూస్తే 2004 సెప్టెంబరు తర్వాతే ఉద్యోగంలో చేరి ఉంటారు, అంటే సీపీఎస్ (జీతంలోంచి కోసి జమ చేసే పెన్షన్ పద్ధతి), పాత పెన్షన్ రాదు. మీ ముసలితనానికి, అమ్మ వైద్యానికి పక్కన పెట్టాకే ఈ ఐదు వేలు అయితే సరే. అప్పు చేసో, దాచుకున్నది తీసో అయితే మూడు వేలకు తగ్గించండి, పిల్లలకేమీ నష్టం లేదు, రేపు వాళ్లకు మీ భారం పడకపోవడం కూడా మీరిచ్చేదే.

తమ్ముడికి ఎలా చెప్పాలి అంటే, దాచకుండా చెప్పండి. రహస్యంగా దాస్తే ఎప్పుడో బయటపడి "నన్ను నమ్మలేదు" అవుతుంది. ముగ్గురూ కూర్చున్నప్పుడు, "పాప పేరున సుకన్య తెరుద్దాం, నెలనెలా నేను వేస్తా. బాబుకు నా పేరున దాస్తున్నా, వాడి కాలేజీకి నేనే కడతా" అంతే అనండి. గొలుసు పేరు ఎత్తకండి. బాబుకు నెలకు ఎంత అన్నది కూడా చెప్పాల్సిన అవసరం లేదు. వాడు కాస్త ముభావంగా ఉంటే ఉండనివ్వండి, పాప పాస్‌బుక్కు మరదలి చేతిలో చూశాక మెత్తబడతాడు. పాస్‌బుక్కు జిరాక్సు, ఫండ్ ఫోలియో నంబరు, వీలునామా ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి ఎగ్జిక్యూటర్ దగ్గర ఉంచండి, ఎవరికీ తెలియక బ్యాంకుల్లో ఉండిపోయే డబ్బు మన దేశంలో తక్కువేం కాదు.

ఇక మళ్లీ డబ్బు అడిగితే. అడుగుతాడు, ఆటో ఉన్నన్నాళ్లూ అడుగుతాడు. దానికి విడిగా ఓ పదివేలో ఇరవైవేలో మీ పొదుపు ఖాతాలో ఉంచుకోండి, మనసులో దానికి తమ్ముడి పేరు పెట్టుకోండి. అడిగినప్పుడు ఉంటే ఇవ్వండి, తిరిగి వస్తుందని లెక్క పెట్టుకోకుండా ఇవ్వండి, అయిపోతే "ఇప్పుడు లేవురా" అనండి, అది అబద్ధం కూడా కాదు. "పిల్లలది ఉంది కదా అక్కా, అందులోంచి తీయి, మళ్లీ వేస్తా" అంటే మాత్రం పాపది బ్యాంకువాళ్లు ఇవ్వరని చెప్పండి, బాబుది మీరు ఇవ్వనని చెప్పండి.